చీటీల ఆటలో మన వాడ ఏది?

బడుల్లో ఇప్పుడు ట్రెజర్ హంట్ అనే ఆట బాగా నడుస్తున్నది. పిల్లల్ని అయిదుగురు చొప్పున జట్లు చేస్తారు. జట్టుకొక చీటీ ఇస్తారు. చీటీలో ఒక చరిత్ర ప్రశ్న ఉంటది. జవాబు పట్టుకుంటే రెండో చీటీ ఎక్కడ దాచారో తెలుస్తది. అట్లా పది చీటీలు ముందుగా ఏరుకొచ్చిన జట్టు గెలిచినట్టు. మంచి ఆటే. గైడు బట్టీ పట్టి బిట్ పేపరు నింపడం కంటే వెయ్యి రెట్లు నయం. పిల్లలు ఉరుకుతరు, వాదులాడుకుంటరు, బుర్ర పెడతరు. ఆటతో మనకు పేచీ లేదు. చీటీలు ఎవరు రాస్తున్నారు, ఏం రాస్తున్నారు అన్నదే పేచీ.

ఒకసారి ఆ చీటీలు విప్పి చూడండి. చార్మినార్ కట్టిన సంవత్సరం? 1591. వేయిస్తంభాల గుడి కట్టించిన రాజు? రుద్రదేవుడు. రామప్ప గుడి కట్టించిన సేనాని? రేచర్ల రుద్రుడు, 1213లో. అది యునెస్కో జాబితాకెక్కింది ఎప్పుడు? 2021లో. అన్నీ నిజాలే, కాదన్నది ఎవరు? కానీ పది చీటీలు తిరిగొచ్చిన మాదిగ పిల్లకు, మాల పిల్లగాడికి తన తాతముత్తాతలు ఈ నేల మీద బతికారన్న ఆనవాలు ఒక్కటీ దొరకదు. తాజ్‌మహల్ కూలీల సంగతి శ్రీశ్రీ ఎప్పుడో అడిగాడు గదా అని మన అభ్యుదయ మిత్రులు గుర్తు చేస్తుంటారు. అడిగాడు, సంతోషం. ఆ కూలీల కులమేదని మాత్రం అడగలేదు.

ఇక చీటీలు దాచే చోట్లు చూడండి. ఒకటి గుడి మెట్ల మీద, ఒకటి రచ్చబండ కింద, ఒకటి పాత గడి తలుపు సందున. ఊరి పటం అక్కడితో అయిపోయింది. వాడలో ఒక్క చీటీ లేదు. మేము చూసిన ఒక ఆటలో గుడి దాకా అయిదుగురూ కలిసే ఉరికిన్రు. మెట్లెక్కింది ముగ్గురే. మిగతా ఇద్దరు ఎవరూ చెప్పకుండానే కింద ఆగిపోయిన్రు. రాజ్యాంగం పదిహేడో అధికరణంతో అంటరానితనాన్ని రద్దు చేసిందన్న బిట్టు ఆ ఇద్దరికీ నోటికొచ్చు.

అందుకే మేము కొందరు టీచర్లం చీటీలు మేమే రాసుకోవడం మొదలుపెట్టాం. ప్రతి జట్టులో ఊరి పిల్లలూ వాడ పిల్లలూ కలిసి ఉండాలె. సగం చీటీలకు జవాబు పుస్తకంలో గానీ సెల్‌ఫోన్లో గానీ దొరకకూడదు, మనిషిని అడిగి తెలుసుకోవాలె. అన్నిటికంటే బాగా పండిన చీటీ ఇది: "మోటార్లు రాకముందు ఈ ఊరి పొలాలు తడిపిన మోటకు తోలు బొక్కెన కుట్టింది ఎవరు? ఆ తోలును ఏ చెట్టు చెక్కతో పదును చేశారు?" తంగేడు అంటే బతుకమ్మ పువ్వని, తెలంగాణ రాష్ట్ర పుష్పమని పిల్లలందరికీ తెలుసు. దాని చెక్కే లందలో తోలును పదును చేసేదని ఊరి పిల్లలకే కాదు, వాడ పిల్లలకూ తెలియదు. చెప్పింది ఒక ముసలవ్వ. "ఏం బిడ్డా, ఈ కంపు ముచ్చట కూడా మీ సార్లు పరీక్షల అడుగుతరా?" అని ముందు నవ్వింది. తర్వాత అరుగు మీద కూర్చోబెట్టి, పచ్చితోలును సున్నం నీళ్లలో నానేసి బొచ్చు ఎట్లా ఊడదీస్తరో, తంగేడు చెక్క నీళ్లలో ఎట్లా ఊరేస్తరో చేతులు తిప్పుతూ చెప్పింది. వెంట వచ్చిన సైన్సు మాస్టారు కూడా నోట్సు రాసుకున్నారు. ఇది రసాయనశాస్త్రం కాకపోతే మరేది?

డప్పు మీద వాయించే రెండు పుల్లల పేర్లేమిటి? సిర్ర, సిటికెన. చెరువు తూము తెరిచి మూసిన నీరటికాడి ఇల్లేది? పన్నెండు మెట్ల కిన్నెరకు 2022లో పద్మశ్రీ అందుకున్న మొగిలయ్యది ఏ కులం? డక్కలి. పుస్తకం చీటీలూ ఉన్నాయి. 1906లో హైదరాబాదులో జగన్ మిత్ర మండలి పెట్టిన భాగ్యరెడ్డి వర్మ, 1917లో పంచమ అన్న పేరు మాకొద్దని ఆది ఆంధ్ర అని చెప్పుకున్న బెజవాడ సభ, 1960లో ముఖ్యమంత్రి అయిన దామోదరం సంజీవయ్య. పిల్లలకు అందరికంటే నచ్చింది ముక్తా సాల్వే. ఫూలే దంపతుల బడిలో చదివిన మాంగ్ పిల్ల. మాంగులు, మహర్ల దుఃఖం గురించి ఆమె రాసిన వ్యాసం 1855లో 'జ్ఞానోదయ' పత్రికలో అచ్చయింది. అప్పటికి ఆమెకు పద్నాలుగేళ్లు. "మా క్లాసు పిల్లేనా సార్!" అని తొమ్మిదో తరగతి ఆడపిల్లలు నోరు తెరిచిన్రు.

గొడవ రాకుండా ఉంటుందా? వచ్చింది. "మా పిల్లల్ని వాడలకు తోలుతారా?" అని ఊరి పెద్దలు కొందరు బడి మీదికొచ్చిన్రు. వాడ పిల్లలు ఇన్నేళ్లు ఊళ్లోకి నడిచొచ్చే చదువుకుంటున్నారు, ఒక్కపూట ఎదురు నడిస్తే కాళ్లు అరుగుతయా అని అడిగాం.

అసలు రభస ఇంకో చీటీ మీద. "1985 జూలై 17న కారంచేడులో ఏం జరిగింది?" అని రాశాం. చెరువు నీళ్ల దగ్గర మున్నంగి సువార్త బిందె ఎత్తి ఎదురు నిలిచింది. ఆ మర్నాడు ఊరి భూస్వాములు మాదిగపల్లె మీద పడ్డారు. ఆరుగురిని చంపారు. చీరాల శిబిరంలోంచి దళిత మహాసభ పుట్టింది. "పసిపిల్లలకు హత్యల ముచ్చట ఎందుకు, మనసు చెడుతది గదా" అని ఒక పెద్దాయన సెలవిచ్చారు. పానిపట్టు యుద్ధాలు మూడు: 1526, 1556, 1761. పిల్లలకు కంఠతా వచ్చు. వేలమంది తెగిపడిన ఆ తేదీలకు చెడని మనసు కారంచేడు అనగానే చెడుతుందా? పానిపట్టులో చంపినవాళ్ల మనవలు ఎదురుబెంచీలో కూర్చొని ఉండరు, తేడా అదొక్కటే.

చుండూరు చీటీ కూడా తీయలేదు. 1991 ఆగస్టు 6న ఎనిమిది మందిని చంపారు. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014లో హైకోర్టు అందరినీ విడిచిపెట్టింది. జవాబు రాసిచ్చిన జట్టులో ఒక పిల్లగాడు, వాడిది ఊరే, వాడ కాదు, లేచి అడిగాడు: "మరైతే ఎవరు చంపిన్రు సార్?" ఆ ప్రశ్ననే వచ్చే ఆటకు చీటీగా రాసుకున్నాం.

అగ్రకులాల అభ్యంతరాలకు జవాబు చెప్పడం తేలికే. మన వాడలోనే ఒక తల్లి అన్న మాట మాత్రం తేలిక కాదు. "ఆ లంద కంపులకెల్లి బయటపడాలనే గదా సారూ నా బిడ్డను బడికి తోలింది. మళ్ల దాని దగ్గరకే తోలుతున్నవా?" ఇంటికి మొదటి డిగ్రీ తెచ్చిన మాబోటి వాళ్లకు ఆ మాట గుచ్చుకుంటది. పేరుకు ముందు కులవృత్తిని పెట్టి పిలిస్తే తల దించుకున్న రోజులు మాకూ ఉన్నాయి. కులవృత్తుల్ని మెచ్చుకుంటూ మన పిల్లల్ని అందులోనే ఉంచాలనే గాంధీగారి తోవ మనది కాదు. పని పోవాలె. ఆ పని చేసిన చేతుల్లో జ్ఞానం లేదన్న అబద్ధం కూడా పోవాలె. ఆ తల్లికి ఇంతే చెప్పాం. ఆమె పూర్తిగా ఒప్పుకోలేదు. అందుకే వాడలో పెద్దలు ఇష్టపడి చెప్తామన్న ఇళ్లకే చీటీలు రాస్తున్నాం.

అంబేద్కర్ పుట్టిన తేదీ 1891 ఏప్రిల్ 14 అని టిక్కు పెట్టించి సంబరపడే చీటీలు మనవాళ్లూ రాస్తున్నారు. రాజుల పేర్లు కొట్టేసి మన పేర్లు ఎక్కిస్తే అది ఇంకో బిట్ పేపరే. 1927 మార్చి 20న మహద్ చెరువు నీళ్లు తాగడానికి వేలమంది ఎందుకు నడవాల్సి వచ్చిందో అడగండి. మీ ఊరి బావిలో వాడవాళ్లు మొదటిసారి బొక్కెన వేసింది ఎప్పుడో, వేసింది ఎవరో అడగండి. ఆ జవాబు ఏ గైడులోనూ లేదు, చెప్పగలవాళ్లు ఏటికేడు తగ్గిపోతున్నారు.

ఈ ఏప్రిల్ 14కు మీ బడిలో ఆట పెట్టేటట్లయితే పదిహేను రోజుల ముందే వాడ తిరిగి, ఎవరేం చెప్పగలరో రాసుకోండి. ఎండ ముదరకముందే, పొద్దున ఏడింటికి మొదలుపెట్టండి. కుండలో నీళ్లు వాడలోనే పెట్టించండి, అన్ని జట్లూ అక్కడే తాగాలె. రాసిన చీటీల నకలు ఒకటి పత్రికకు పంపితే వచ్చే సంచికల్లో అచ్చువేస్తాం.