80 వేల ఏళ్లు.. ఎవరు లెక్కపెట్టారు?

"80 వేల ఏళ్లకోసారి వచ్చే తోకచుక్క! మిస్సయితే మళ్లీ చూడలేం!" 2024 అక్టోబర్‌లో గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ దోస్తుల నుంచి నాకు ఇదే మెసేజ్. నాకొచ్చిన డౌటు ఒక్కటే. 80 వేల ఏళ్ల కింద దాన్ని చూసి రాసిపెట్టిందెవరు?

ఎవరూ లేరు. అంతా లెక్కే. తోకచుక్క ఏ రాత్రి ఏ నక్షత్రాల మధ్య ఉందో కొలుస్తారు. కనీసం మూడు కొలతలుంటే దాని దారి గీయొచ్చు. చిక్కేంటంటే, మనకు కనిపించేది సూర్యుడి దగ్గరి చిన్న మలుపే. జూరాల దగ్గర కృష్ణమ్మను చూసి, మహాబలేశ్వరంలో పుట్టిందని చెప్పమన్నట్టు! కొలతలో వెంట్రుకవాసి తేడా వచ్చినా లెక్క వేల ఏళ్లు అటూ ఇటూ అవుతుంది.

ఆ తోకచుక్క పేరు సుచిన్‌షాన్-అట్లాస్. 2023 జనవరిలో చైనాలోని పర్పుల్ మౌంటెన్ అబ్జర్వేటరీ, ఫిబ్రవరిలో దక్షిణాఫ్రికాలోని అట్లాస్ టెలిస్కోప్ దాన్ని పట్టుకున్నాయి. అప్పుడది గురుగ్రహం కంటే దూరంలో ఉంది. 80 వేల ఏళ్లన్నది మొదట్లో వేసిన అంచనా. కొలతలు పెరిగాక తేలిందేంటంటే, అది అసలు ఎప్పటికీ తిరిగి రాకపోవచ్చు! మెసేజ్ మాత్రం పాత అంకెతోనే తిరుగుతూ ఉంది.

ఇలాంటి లెక్కల్లో మన హైదరాబాద్‌కూ భాగముంది. వైను బప్పు నాన్న నిజామియా అబ్జర్వేటరీలో పనిచేసేవారు. బప్పు నిజాం కాలేజీలో చదివి, హైదరాబాద్ సర్కారు స్కాలర్‌షిప్‌తో అమెరికాలోని హార్వర్డ్‌కి వెళ్లారు. 1949 జూలై 2న తీసిన ఫొటో ప్లేటు మీద కొత్త తోకచుక్కను గుర్తుపట్టారు. అప్పటికి ఆయనకు 22 ఏళ్లు కూడా నిండలేదు. ప్రొఫెసర్ బార్ట్ బాక్, గోర్డన్ న్యూకిర్క్ పేర్లు కలిపి దాన్ని బప్పు-బాక్-న్యూకిర్క్ అంటారు. ఒక చుట్టుకు సుమారు 60 వేల ఏళ్లు. అంటే అది నెప్ట్యూన్ కంటే దాదాపు 100 రెట్లు దూరం పోయి రావాలి.

ఇప్పుడు మన పని. ఇలాంటి తోకచుక్కలు చాలావరకు ఏడాదో రెండేళ్లో ముందు మాత్రమే దొరుకుతాయి. కాబట్టి చోటు ముందే చూసిపెట్టుకోండి. పొద్దుగూకాక కనిపించేదైతే పడమర తెరిపిగా ఉండాలి. జూరాల పరిసరాలు, సోమశిల తీరం, ఊరి బయటి చేను.. ఏదైనా సరే, వీధిలైట్లు పడకూడదు. 2024లోనైతే శుక్రుడికీ స్వాతి నక్షత్రానికీ మధ్య వెతికితే దొరికింది.

ఫోన్‌ను చేత్తో పట్టుకోకండి. రాయికి ఆనించి, నైట్ మోడ్‌లో పది సెకన్లు పెట్టి, టైమర్ నొక్కండి. ఫ్రేములో చుట్టుపక్కల నక్షత్రాలూ పడాలి. టైమూ ఊరూ రాసిపెట్టుకోండి. మర్నాడూ, ఆ మర్నాడూ అక్కడి నుంచే తీయండి. మూడు ఫొటోలు పక్కపక్కన పెడితే తోకచుక్క జరిగిన దూరం మీకే తెలుస్తుంది. బప్పు ప్లేటు మీద వెతికిందీ అలాంటి మచ్చనే. ఈసారి ఫార్వర్డ్ చేసేటప్పుడు ఏళ్ల అంకె బదులు ఆ మూడు ఫొటోలు పంపండి.