దెయ్యమైతే తప్ప వినరా?

బతికున్న ఆడపిల్ల అరిస్తే వినని సమాజం, చచ్చి దెయ్యమై వస్తే మాత్రం వణికిపోతుంది. 1999లో డేవిడ్ కెప్ తీసిన అమెరికన్ సినిమా ‘స్టర్ ఆఫ్ ఎకోస్’ను భయపెట్టే సినిమాగా చూసి మర్చిపోవడం తేలిక. దాన్ని ఒక కేసు ఫైలుగా చదవాలంటాను నేను.

షికాగోలో ఒక కార్మికవాడ. టామ్ టెలిఫోన్ లైన్‌మన్, సామాన్యుడు. ఒక విందులో సరదాగా హిప్నటైజ్ చేయించుకున్నాక, అద్దె ఇంట్లో అతనికి ఒక అమ్మాయి దెయ్యం కనిపించడం మొదలవుతుంది. ఆమె సమంత. పదిహేడేళ్ల, బుద్ధిమాంద్యం ఉన్న పిల్ల. ఇల్లు వదిలి పారిపోయిందని అందరూ సరిపెట్టుకున్నారు. నిజానికి అత్యాచారానికి తెగబడి, అరవకుండా నోరు నొక్కి చంపింది ఆ వాడ కుర్రాళ్లే. శవాన్ని నేలమాళిగ గోడ వెనక దాచింది వాళ్ల తండ్రులు. అందులో ఒకడు ఆ ఇంటి యజమాని.

ఇందులో అతీంద్రియం ఏముంది? కొడుకుల భవిష్యత్తు కోసం పరాయి కూతుర్ని కనబడకుండా చేయడం పితృస్వామ్యానికి కొత్త కాదు.

నా అభ్యంతరం మరొకటి ఉంది. సమంత ఏమైందని మొదట్నుంచీ తపించింది ఆమె తోబుట్టువు డెబ్బీ. ఆ ప్రశ్నకు విలువ రావడానికి ఒక మగవాడి కలవరం కావలసి వచ్చింది. కథ డెబ్బీది కాదు, టామ్‌ది.

ఇదేదో దూరదేశపు కథ అనుకోవద్దు. పిల్ల ఇంటికి రాకపోతే మన దగ్గర సిద్ధంగా ఉండే మాట ‘లేచిపోయింది’. 2019 ఏప్రిల్‌లో యాదాద్రి భువనగిరి జిల్లా హాజీపూర్‌లో పాడుబడ్డ బావుల్లో ముగ్గురు బాలికల అవశేషాలు బయటపడ్డాయి. ఒక పిల్ల 2015 నుంచి కనిపించడం లేదు! అదే ఏడాది నవంబరులో హైదరాబాదు శివార్లలో పశువైద్యురాలి హత్య జరిగినప్పుడు, ఫిర్యాదు నమోదులో జాప్యం చేసినందుకు ముగ్గురు పోలీసులు సస్పెండయ్యారు.

పిల్లలు తప్పిపోయారన్న ఫిర్యాదుపై ఎఫ్.ఐ.ఆర్. నమోదు చేసి తీరాలని సుప్రీంకోర్టు 2013లోనే ఆదేశించింది. నేరం తమ పరిధిలో జరగలేదని తిప్పి పంపే వీల్లేదని 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత కూడా చెబుతోంది. అయినా తల్లుల వెంట స్టేషనుకు వెళ్లినప్పుడు నేను వినే మొదటి ప్రశ్న: “ఎవడితోనైనా తిరిగేదా?”

ఆ ప్రశ్న అడిగిన ప్రతిసారీ గోడలో ఇంకో ఇటుక పేరుస్తున్నట్టే. ఎఫ్.ఐ.ఆర్. నకలు చేతికొచ్చేదాకా మనం అక్కణ్ణుంచి లేవకూడదు. సమంతలు దెయ్యాలు కాకముందే వాళ్ల మాట వినిపించాలి. అందుకు ఏ టామూ అక్కర్లేదు.