ఏ శాస్త్రం? ఎవరి శాస్త్రం?

మన భాషలో శాస్త్రమంటే రెండర్థాలు. శూద్రుడు వేదం వినకూడదన్నదీ, ఆడది ఎప్పుడూ మగాడి చాటునే బతకాలన్నదీ ఒక శాస్త్రం. దాన్ని 1927లో మహద్‌లో బాబాసాహెబ్ తగలబెట్టించాడు. పరీక్ష చేసి రుజువు చేసేది రెండో శాస్త్రం. పంతుళ్ళం గనుక దీన్ని మేం పిల్లలకి రోజూ చెబుతాం, నమ్ముతాం. కానీ ఈ రెండో శాస్త్రం చేతిలో కూడా దొంగ త్రాసు ఉన్న రోజులున్నాయి. ఆ సంగతి పిల్లలకి ఎవరు చెప్పాలి?

పారిస్‌లో పాల్ బ్రోకా అనే పేరుమోసిన డాక్టరు ఉండేవాడు. ఆసుపత్రుల్లో చనిపోయినవాళ్ళ మెదళ్ళు తూచాడు. 292 మంది మగవాళ్ళ సగటు 1325 గ్రాములు. 140 మంది ఆడవాళ్ళ సగటు 1144 గ్రాములు. తేడా 181. ఇంకేముంది, ఆడదానికి తెలివి తక్కువని తేలిపోయింది!

పొడుగుని బట్టీ వయసుని బట్టీ మెదడు బరువు మారుతుంది. అక్కడ చనిపోయిన ఆడవాళ్ళు పొట్టివాళ్ళు, వయసులోనూ పెద్దవాళ్ళు. శరీరం సైజు సంగతి బ్రోకాకి తెలుసు. తెలిసీ లెక్కగట్టలేదు. ఆడవాళ్ళకి ఎలాగూ తెలివి తక్కువ కదా, ఇక ఆ లెక్కెందుకన్నట్టు 1861లో వాదించాడు. ఏది రుజువు చెయ్యాలో దాన్నే ముందు ఒప్పేసుకున్నాడన్నమాట. తొమ్మిదో తరగతి పిల్ల రేఖాగణితంలో ఇలా రాస్తే మేం సున్నా వేస్తాం. తర్వాత స్టీఫెన్ జే గౌల్డ్ అనే అమెరికా శాస్త్రవేత్త అవే అంకెల్లో పొడుగూ వయసూ సరిచేస్తే తేడా 113 గ్రాములకి దిగింది. అసలు బరువే తెలివైతే ఏనుగుని హెడ్మాస్టరుని చెయ్యాలి.

ఈ తూకమంతా దేనికోసం? బడి తలుపు మూయడానికి. 1879లో గుస్తావ్ లె బాన్ పారిస్ ఆడవాళ్ళలో చాలామంది మెదళ్ళు గొరిల్లాలకి దగ్గరన్నాడు. వాళ్ళకి మగవాళ్ళతో సమానంగా చదువు చెప్పడం ప్రమాదమన్నాడు. అమెరికాలో ఎడ్వర్డ్ క్లార్క్ అనే డాక్టరు 1873లో కాలేజీ చదువు ఆడపిల్లల గర్భసంచిని పాడుచేస్తుందన్నాడు. చదువుకున్న ఆడవాళ్ళు ఊరుకోలేదు. 1885లో 705 మంది పట్టభద్రురాళ్ళని అడిగి, వాళ్ళ ఆరోగ్యం బాగానే ఉందని అచ్చేసి చూపించారు. లండన్‌లో ఆలిస్ లీ ఇంకో అడుగు ముందుకేసింది. 1898లో డబ్లిన్‌లో కూడిన 35 మంది శరీరశాస్త్ర పండితుల తలల కొలతలు తీసుకుంది. పెద్ద పెద్ద పేర్లున్న కొందరి తలలు కాలేజీ ఆడపిల్లల తలలకన్నా చిన్నవని తేలింది!

ఇదే టేపు సముద్రం దాటి మన ముక్కుల మీదికొచ్చింది. బ్రోకా శిష్యుడు తొపినార్ పద్ధతిలో రిస్లీ దొర ముక్కులు కొలిచి, 1891లో పుస్తకం వేశాడు. ముక్కు ఎంత సన్నమైతే కులం అంత పెద్దదన్నాడు. 1948లో బాబాసాహెబ్ 'ది అన్‌టచబుల్స్'లో ఆ ముక్కు కొలతలతోనే బ్రాహ్మడూ అంటరానివాడూ ఒకే జాతి అని వాదించాడు. వాళ్ళ టేపుతో వాళ్ళనే కొలిచాడు.

ఇక్కడే మనల్ని మనం అడుక్కోవాలి. ముక్కు కొలత అబద్ధమంటే మీటింగుల్లో చప్పట్లు కొడతాం. ఇంటికెళ్ళాక మెదడు తూకం మాత్రం నిజమంటాం. పదో తరగతి పాసైన అమ్మాయిని ఎంపీసీలో చేర్చమంటే "ఆడపిల్లకి లెక్కలెక్కవు సారూ" అనేది మన అన్నలే. ఎక్కవని తూచిందెవరు? నీళ్ళు మోసి, తమ్ముణ్ణి ఎత్తుకుని, కూలికెళ్ళొచ్చి, మిగిలిన పొద్దులో చదివే పిల్లకి వచ్చిన మార్కులు చూసి మెదడుని తప్పు పడుతున్నాం. బ్రోకా చేసిందీ ఇదే కదా? 2005లో హార్వర్డ్ అధ్యక్షుడు కూడా సైన్సులో పైస్థాయిలో ఆడవాళ్ళు తక్కువుండటానికి పుట్టుకతో వచ్చే తేడా ఒక కారణం కావచ్చన్నాడు. త్రాసు ఇంకా అటక మీదే ఉంది.

బ్రోకా ఆ మాట రాయడానికి ఆరేళ్ళ ముందే, 1855లో, ఫూలే దంపతుల బళ్ళో చదివిన మాంగ్ పిల్ల ముక్తా సాల్వే మహర్, మాంగుల బాధల మీద రాసిన వ్యాసం అచ్చయింది. ఆ పిల్ల మెదడు ఎన్ని గ్రాములో ఎవరూ తూచలేదు. బడి తలుపు తెరిచారు, అంతే.

అన్నలారా, ఈ జూన్‌లో మీ అమ్మాయి ఏ గ్రూపు అడిగితే ఆ గ్రూపులో చేర్చండి. తర్వాత మాట్లాడదాం శాస్త్రం గురించి.