‘ఆయ్’ మనదే, మహాశయా!

ఇటీవల మా నరసాపురంలో ఒక పుస్తకావిష్కరణ సభకు వెళ్ళాను. పొరుగు జిల్లా నుంచి విచ్చేసిన వక్త ఒకరు మాటల సందర్భంలో, గోదావరి జిల్లాల వారి ‘ఆయ్’ తెల్లవాళ్ళు పెట్టిన భిక్ష అని సెలవిచ్చారు. మాధవాయపాలెంలో ఓడలు కట్టే కాలంలో ఆంగ్ల నావికులు తమ అధికారికి ‘ఆయ్ ఆయ్ సర్’ అని బదులిస్తుంటే విని మనవాళ్ళు పట్టుకున్నారట. సభ చప్పట్లు కొట్టింది. నా పక్కనున్న పెద్దమనిషి ఇంకో మెట్టు ఎక్కి, “నావికులు కాదు మాస్టారూ, లేసు అల్లిక నేర్పిన స్కాట్లాండు దొరసానులు. వాళ్ళు ఎస్ అనరు, ఆయ్ అంటారు” అని నా చెవిలో ఊదారు. అక్కడ లేచి అడ్డు చెప్పలేకపోయాను. ఆ మొహమాటానికి ప్రాయశ్చిత్తంగా ఈ టపా.

ముందుగా ప్రతివాదికి దక్కవలసినది ఇచ్చేస్తాను. మాధవాయపాలెంలో ఆంగ్లేయులకు వర్తక స్థావరం ఉండేది, ఓడలూ కట్టేవారు. అబద్ధం కాదు. ఇంగ్లీషులో ‘ఔను’ అనే అర్థంలో ఆయ్ అన్నమాట 1570ల ప్రాంతంలో కనిపిస్తుంది, ఆంగ్లేయులు మచిలీపట్నంలో దిగింది 1611లో. అంటే కాలం లెక్క కూడా కుదురుతుంది. అందుకే ఈ కథ నమ్మబుద్ధి వేస్తుంది.

కానీ దాతగారి ఇంటి సంగతి చూడండి. ఆ ఆయ్ తమకెలా వచ్చిందో ఆంగ్ల నిఘంటుకర్తలకే తేలలేదు. మొదట్లో దానిని ‘నేను’ అనే అర్థమిచ్చే ఒంటి అక్షరం ‘ఐ’తోనే రాసేవారు గనుక ‘నేనే’ అనే జవాబులోంచి పుట్టిందని కొందరు, ‘యే’ అనే పాత అంగీకార పదం రూపు మారిందని కొందరు, ‘ఎల్లప్పుడూ’ అనే అర్థమున్న వేరొక మాట నుంచి జారిందని ఇంకొందరు. ఆ ఎల్లప్పుడూ అనే మాట ఉత్తరాది నార్సు భాషల నుంచి వచ్చింది. స్కాట్లాండులో రెండూ బతికే ఉన్నాయి: రాతలో ఒకటే, పలుకులో తేడా. ఔననడానికి ‘ఆయ్’, ఎల్లప్పుడూ అనడానికి ‘ఎయ్’కి దగ్గరగా పలుకుతారు. ఇంతేనా, ‘ఆయ్, రైట్’ అని సాగదీస్తే ‘నువ్వు చెప్పావులే, మేము నమ్మాములే’ అని అర్థం. రెండు ఔనులు కలిసి ఒక కాదు! తమ సొమ్ము ఎక్కడిదో తమకే తెలియని వారిని మనకు దాతలుగా నిలబెట్టడం ఏమి న్యాయం?

ఎరువు మాట వచ్చే దారి వేరు. అది వస్తువుతో వస్తుంది. లేసు వచ్చింది, లేసు అనే మాట వచ్చింది. ఒలందావారు వచ్చారు, వలంధర రేవు మిగిలింది. అటునుంచి ఇటే కాదు, ఇటునుంచి అటూ వెళ్ళింది. ఇక్కడి నేతబట్ట ఓడలెక్కి వెళ్ళినందుకు మాధవాయపాలెం కాస్తా ‘మడపొల్లం’ అయి ఇంగ్లీషు, ఫ్రెంచి నిఘంటువులకెక్కి కూర్చుంది. మా ఊరి పేట పేరు పారిస్ బజారులో గుడ్డ పేరైంది. ఆ సంగతి సభలో ఒక్కరూ ఎత్తరు. మనం ఇచ్చినది మరచి, పుచ్చుకోనిదానికి రుణపత్రం రాసిస్తాం.

ఔను అనే మాట ఎరువు రాకూడదా అంటే, రావచ్చు. ‘ఓకే’ రాలేదా? వచ్చింది, దేశమంతా పాకింది. సరిగ్గా అదే నా ప్రశ్న. నావికుల నోటినుంచే ఆయ్ వచ్చి ఉంటే తెల్లవారు ముందుగా దిగి, పాతుకుపోయిన మచిలీపట్నం బందరులో అది మారుమోగాలి కదా? విశాఖ రేవులో వినబడాలి కదా? అక్కడ లేదు. ఓడ ముఖం ఎరుగని కోనసీమ కొబ్బరితోటల్లో, డెల్టా చేలగట్ల మీద ఉంది. లేసు దొరసానుల వాదం ఇంకా బలహీనం. లేసు నేర్పారని చెప్పే మెక్రే దంపతులు స్కాట్లాండు వారే కావచ్చు. 1836లో ఈ ప్రాంతానికి వచ్చిన బౌడెన్, బీర్ మిషనరీ కుటుంబాలు ఇంగ్లండులోని డెవన్ వైపువి. వారెవరైనా కూర్చోబెట్టి నేర్పినది ఆడవారికి. అరక దున్నే మగవాడి నోటికి ఆయ్ ఎవరు అల్లారు?

ధ్వని కలిసినంత మాత్రాన చుట్టరికం కలవదు. గ్రీకులు నేటికీ నీటిని ‘నెరో’ అంటారు. మన నీరే అక్కడికి పారిందని పొంగిపోయిన వారిని ఎరుగుదును. అది ‘తాజా నీరు’ అనే వారి పాత మాటలో నీరు పోయి తాజా మిగలగా వచ్చిన రూపం.

మరి మన ఆయ్ ఎక్కడిది? ఇరుగుపొరుగును అడగాలి. తెలుగు ‘అవును’కు మూలం అగు ధాతువు. తమిళుల ‘ఆమ్’కు మూలం వారి ఆగు. కన్నడిగుల ‘హౌదు’ పూర్వం ‘అహుదు’, అదీ ఆ ధాతువే. ‘అగుట’ అనే క్రియలోంచి అంగీకారాన్ని పుట్టించుకోవడం మన భాషాకుటుంబపు అలవాటు. ఆ ధాతువుకే భూతకాలంలో ‘ఆయెను’, ‘ఆయె’. “వాడు చూస్తే పసివాడాయె” అని వాక్యం చివర నేటికీ తగిలిస్తాం. మావాళ్ళూ అంతే కదా, “వచ్చేశానండి, ఆయ్” అని చివరనే ముడి వేస్తారు! ‘ఆఁ, అయ్యా’ అనే రెండు మాటలు తొందరలో ఒకటయ్యాయని మరో పక్షం. అందులోని మన్నన దానికి బలం. నా మొగ్గు మొదటిదానికే, ఎందుకంటే “ఆయ్ అమ్మగారూ” అనడానికి ఎవరూ తడుముకోరు. ఏ పక్షం నెగ్గినా సొమ్ము ఇంటిదే.

ఇక దాని అర్థాలు. పిలిస్తే పలకడం ఆయ్. కథ వింటూ ఊకొట్టడం ఆయ్. తల ఎగరేసి ‘ఆయ్?’ అంటే ‘నిజమేనా?’ అని. పాకుతున్న బిడ్డ దీపం వైపు వెళితే ‘ఆయ్!’ అని అదిలింపు. ఒక్క సంగతి దాచకూడదు: నా చిన్నతనంలో కూలివాడు రైతుకు ఆయ్ అనేవాడు, రైతు కూలికి అనగా నేను వినలేదు. వంగిన నడుములోంచి వచ్చిన మన్నన కూడా అందులో ఉంది. ఇప్పుడు సమానులు సమానులకు అంటున్నారు. మాట నడుము నిటారయింది.

సినిమాల వారికి మాత్రం ఇంకా నవ్వులాటే. అమాయకుడినో బడాయివాడినో చూపించాలంటే నోట్లో రెండు ఆయ్‌లు కుక్కుతారు. అదే ధ్వని లోక్‌సభలో ‘ఆయ్స్’ అయి ఓటుగా లెక్కకెక్కితే చట్టమవుతుంది. మా సంతలో వినబడితే ఇకిలింపు అవుతుంది. స్కాట్లాండులో మాత్రం తక్కువ తిన్నారా? 1993లో అక్కడి న్యాయస్థానంలో ఒకతను ఎస్ అనకుండా ఆయ్ అన్నందుకు కోర్టు ధిక్కారమని పట్టి నిర్బంధించారు. వారి దేశంలో, వారి మాటకు!

ఆ న్యాయాధికారిని తిట్టే అర్హత నాకు లేదు. నలభై ఏళ్ళ క్రితం, చిన్నయసూరి బాలవ్యాకరణం తలకెక్కి కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో, “పద్యం వచ్చిందా?” అని అడిగితే “ఆయ్” అన్న ఒక కుర్రవాడిని బెంచీ ఎక్కించి, ‘అవునండీ’ అని నూరుసార్లు అనిపించాను. తరగతి నవ్వింది, నేనూ నవ్వాను. పద్యం అడగనేలేదు. వాడికి వచ్చే ఉంటుంది. ఆ ఏడాది మళ్ళీ వాడు నా తరగతిలో నోరు విప్పలేదు, తల ఊపేవాడు.

పదేళ్ళ క్రితం సఖినేటిపల్లి వెళుతూ పంటు ఎక్కితే తాడు విప్పుతున్నవాడు తెలిసిన ముఖంలా తోచింది. “నువ్వు మా బళ్ళో చదివావు కదూ?” అన్నాను. చేతిలో తాడు వదిలి, నిలబడి, స్పష్టంగా, “అవునండీ” అన్నాడు. అంతలో అవతల కొసన ఎవరో, “ఒరేయ్, బయలుదేరదామా?” అని కేకేశారు. అటు తిరిగి, “ఆయ్!” అన్నాడు.