బండి కొనుటకు ముందు క్వింటాలు లెక్క



గడచిన కత్తెర కాపు రోజులలో కట్టంగూర్ మండలములోని ఒక రైతు వేదికలో సమావేశము ముగిసిన తరువాత, ఒక యువ రైతు నా వద్దకు వచ్చి రెండు రంగుల కరపత్రములను బల్లపై పరచినాడు. రెండును డీజిలు పికప్ బండ్లవే. "సారూ, ఈ రెండిట్ల ఏది బలంగల్లది? ఏది ఎక్కువ మైలేజి ఇస్తది?" అని అడిగినాడు.

నేను వ్యవసాయ శాఖవాడను. విత్తనమును గూర్చియో తెగులును గూర్చియో అడిగినచో వెంటనే చెప్పగలను. బండి సంగతి నా పని కాదని తప్పుకొనవచ్చును. కాని పంట పండించుటకు ఎకరమునకు ఎంత వ్యయమగునో చెప్పువాడు, ఆ పంట మార్కెటు చేరుటకు క్వింటాలునకు ఎంత వ్యయమగునో చెప్పకుండుట సబబు కాదని నా అభిప్రాయము. అందుచేత "తమ్మీ, నీకు ఏడాదికి ఎన్ని క్వింటాళ్ల సరుకు ఉన్నది? ఎంత దూరము పోవుచున్నది?" అని ఎదురు ప్రశ్న వేసితిని. బండి ధర, నెల వాయిదా, ఇంజను సీసీలు అన్నియు కంఠస్థముగా చెప్పినవాడు ఈ ప్రశ్నకు మాత్రము తడబడినాడు.

మన ప్రాంతమున ఈ ప్రశ్న ప్రతి తోట రైతునకును అవసరమే. కట్టంగూర్ హైదరాబాదు–విజయవాడ జాతీయ రహదారిపై నున్నది. నిమ్మకు నకిరేకల్ మార్కెటు దగ్గరలోనే కలదు. బత్తాయి నల్లగొండకైనను పోవును, హైదరాబాదు వైపునకైనను పోవును. గడ్డిఅన్నారములోని పండ్ల మార్కెటు 2021లో మూతపడి బాటసింగారము చేరినందున, నగరములోనికి జొరబడు బాధ మన బండ్లకు తప్పినది. ఇట్టి చోట సొంత బండి ఉన్న బాగుండునను కోరిక కలుగుట సహజము. కోరికలో తప్పు లేదు. తప్పంతయు కొలతలో నున్నది. కరపత్రము లీటరునకు కిలోమీటర్లు చెప్పును. రైతు చూడవలసినది క్వింటాలునకు లీటర్లు.

ఒక చిన్న లెక్క చూడుడు. మార్కెటు 70 కిలోమీటర్ల దూరమున నున్నదనుకొందము. పోవునప్పుడు నిండు బరువు, వచ్చునప్పుడు ఖాళీ. పదునైదు క్వింటాళ్లు మోయు పెద్ద పికప్ నిండుగా లీటరునకు 11, ఖాళీగా 14 కిలోమీటర్లు నడచినచో రానుపోను 11.4 లీటర్లు తాగును. అనగా క్వింటాలునకు 0.76 లీటరు. ఏడు క్వింటాళ్ల చిన్న బండి నిండుగా 16, ఖాళీగా 20 కిలోమీటర్లు నడచినను 7.9 లీటర్లు తాగును, క్వింటాలునకు 1.13 లీటర్లు. లీటరు 96 రూపాయలని పట్టినచో మొదటి దానిలో క్వింటాలునకు 73 రూపాయలు, రెండవ దానిలో 108 రూపాయలు. మైలేజి ఎక్కువగల బండియే ఇక్కడ ఖరీదైనది!

అయితే పెద్ద బండియే కొనవలెనా? అదియు కాదు. ఆ పెద్ద బండిలోనే ఏడు క్వింటాళ్లు వేసికొని పోయినచో పది లీటర్లకు పైగా ఖర్చగును. క్వింటాలు మీద 145 రూపాయలు పడును. సగము నిండిన పెద్ద బండి కంటె నిండిన చిన్న బండి మేలు. వారమునకు రెండు మార్లు నాలుగైదు క్వింటాళ్ల నిమ్మను నకిరేకల్ చేర్చువానికి పెద్ద పికప్ అనవసరపు బరువే. ఈ అంకెలను నేను లెక్క కొరకు తీసికొంటిని. మీ ఊరి బండిని కొలిచి చూచుకొనుడు. ట్యాంకును పంపు దానంతట అది ఆగువరకు నింపి, మీటరు వ్రాసికొని, ఒక నిండు ట్రిప్పు తిరిగి వచ్చి, మరల అదే బంకులో అదే విధముగా నింపినచో అసలు సంగతి తేలును. కొనదలచిన బండి వంటిదే ఊరిలో ఎవరికైన ఉన్నచో అతనిని అడిగి ఈ పరీక్ష చేయుట ఉత్తమము. ఒక ట్యాంకు డీజిలు ఖర్చు మీరే పెట్టుకొన్నను నష్టము లేదు.

ఇక బలమును గూర్చి. గుర్రపు శక్తి ఎంత అని అందరును అడుగుదురు. 2005లో వచ్చిన టాటా ఏస్‌లో రెండు సిలిండర్ల 702 సీసీ డీజిలు ఇంజను ఉండెను. దాని శక్తి 16 గుర్రములే. ఆ పదునారు గుర్రములతోనే ఊరూర కూరగాయలు, పాలు, కిరాణా సరుకులు ఏండ్ల తరబడి నడచినవి. బరువుతో కదలుటకు, గట్టు ఎక్కుటకు కావలసినది టార్క్, అనగా చక్రమును త్రిప్పు లాగుడు. ఇది ఇంజను ఎంత తక్కువ వేగమున ఎంత లభించునో కరపత్రములోనే వ్రాసి ఉండును, చదువువారే తక్కువ. మహీంద్రా బొలెరో పికప్‌లోని 2523 సీసీ ఇంజను 75 గుర్రముల శక్తి కలది. టాటా ఇంట్రా వి-30లోని 1496 సీసీ ఇంజను 70 గుర్రములది. శక్తిలో తేడా ఐదు గుర్రములే. కాని మొదటి దాని టార్క్ సుమారు 200 న్యూటన్ మీటర్లు, రెండవ దానిది 140. నిండు బరువుతో తోట బాటలో నుండి తారురోడ్డు గట్టెక్కునప్పుడు ఈ తేడా క్లచ్చి ప్లేటునకు తెలియును. పొలము వద్దనే తారురోడ్డు ఉండి, బరువు పది పన్నెండు క్వింటాళ్లు దాటనివానికి రెండవదే చవుక పడవచ్చును. నాలుగు చక్రములును లాగు బండి మన వైపు అక్కరలేదు. మనవి ఎర్ర చల్క నేలలు, రాతి గుట్టలే గాని కొండ దారులు కావు. ఏటిలో రెండు రోజుల బురద కొరకు ఏడాది పొడవున అదనపు బరువు మోయించుట ఎందుకు?

మైలేజి సగము డ్రైవరు పాదములో నున్నది. గాలి ఒత్తిడి వేగముతో పాటు వర్గము చొప్పున పెరుగును. 60 కిలోమీటర్ల వేగమున ఉన్న గాలి ఒత్తిడి 80 వద్ద ఇంచుమించు 1.8 రెట్లగును. నార్కట్‌పల్లి దాటిన తరువాత రోడ్డు నున్నగా నున్నదని తొక్కువారు పంతంగి టోల్‌గేటు వద్ద వరుసలో నిలువక తప్పదు. సంపాదించిన పది నిమిషములును అక్కడనే పోవును.

నమ్మకమును గూర్చి మా ఇంటి అనుభవము చెప్పెదను. 2017 వేసవిలో మా చిన్నాయన పికప్ నిండు నిమ్మ బస్తాలతో నడిరోడ్డున ఆగిపోయినది. ఇంజెక్టర్లు చెడినవి. ఏ కంపెనీ బండియో చెప్పుట అనవసరము; తప్పు బండిది కాదు. ఊరిలో డబ్బాలలో అమ్ము డీజిలు పోయించుట ఆయనకు అలవాటు. ఆ కొత్త తరహా ఇంజను ఎక్కువ ఒత్తిడితో సన్నని రంధ్రముల గుండ నూనెను చిమ్మును. కిరసనాయిలు కలిసినను, నీటి చుక్క దిగినను ఓర్వలేదు. విడిభాగము నగరము నుండి వచ్చుటకు తొమ్మిది రోజులు పట్టినది. ఏడాదిలో నిమ్మకు ధర పలుకు తొమ్మిది రోజులును అవియే. బాడుగ బండి మాటలాడుకొని సరుకు పంపుచు, ఆగియున్న బండికి వాయిదా కట్టినాడు. ఆనాటి నుండి ఏ బండి మంచిదని ఎవరు అడిగినను, నకిరేకల్‌లోనో నల్లగొండలోనో దాని సామాను అదే రోజు దొరకునా, దానిని విప్పగల మిస్త్రీ ఉన్నాడా అని మొదట విచారింపుమని చెప్పుచున్నాను. వారంటీ కాగితము కంటె దగ్గరి మిస్త్రీ విలువైనవాడు.

కొత్త బండ్లలో మరియొక సంగతి కలదు. 2020 ఏప్రిల్ 1 నుండి బి.ఎస్-6 ప్రమాణములు అమలులోనికి వచ్చినవి. డీజిలులో గంధకము పది లక్షలలో 50 పాళ్ల నుండి 10 పాళ్లకు తగ్గినది. పొగ గొట్టములో మసిని పట్టు జల్లెడ చేరినది. ఆ మసి కాలిపోవుటకు తగినంత వేడి కావలెను. ఇంటికి, బావికి మధ్య రెండు మూడు కిలోమీటర్లు మాత్రమే తిరుగు బండిలో ఆ వేడి పుట్టదు. జల్లెడ పూడుకొని దీపము వెలుగును. దీపము వెలిగినప్పుడు పుస్తకములో చెప్పిన విధముగా రహదారిపై కొంతసేపు నిలుకడ వేగమున నడిపింపవలెను. రోడ్డు ప్రక్కనే ఉన్న మనకు ఇది కష్టము కాదు. దీపమును లెక్కచేయక నడిపినచో బాగుచేత ఖర్చు భారీగా నుండును.

కొన్ని బండ్లలో ఇదిగాక యూరియా ద్రవము పోయు వేరొక ట్యాంకు ఉండును. ఆ ద్రవములో 32.5 శాతము శుద్ధమైన యూరియా, మిగిలినది ఖనిజములు లేని నీరు. వ్యవసాయాధికారిగా ఇచ్చట ఒక హెచ్చరిక చేయవలసియున్నది. మన బస్తాలోని యూరియాను బోరు నీటిలో కలిపి ఆ ట్యాంకులో పోయవలదు. పొలమునకు వచ్చు యూరియాకు 2015 నుండి వేపనూనె పూత తప్పనిసరి. ఆ నూనె, బయురెట్, బోరు నీటిలోని సున్నము కలిసి ఆ యంత్రభాగమును చెరచును. సబ్సిడీ ఎరువును ఇతర పనులకు వాడుట నేరము గూడ. ఆ యూరియా వరికి వేయుడు.

ఇప్పుడు అసలు చిక్కునకు వచ్చుచున్నాను. ఐదెకరముల బత్తాయి, ఎకరమునకు ఆరు టన్నుల చొప్పున 300 క్వింటాళ్లు అనుకొందము. పదునైదు క్వింటాళ్ల చొప్పున ఇరువది ట్రిప్పులు. ఎనిమిది లక్షల అప్పును 11 శాతము వడ్డీతో ఐదేండ్లలో తీర్చినచో నెలకు సుమారు 17,400, ఏడాదికి 2,08,000కు పైగా కట్టవలెను. ట్రిప్పునకు వాయిదాయే 10,400 రూపాయలు! డీజిలు, టోలు, డ్రైవరు, బీమా, టైర్లు ఇంకను ఉన్నవి. బాడుగ బండి 4,500 రూపాయలకు వచ్చినను, సొంత బండి వలన ట్రిప్పునకు మిగులునది డీజిలు, టోలు, డ్రైవరు ఖర్చులు తీసివేయగా రెండు వేల పైచిలుకు మాత్రమే. ఏడాదికి నూరు ట్రిప్పులు లేనిదే ఆ బండి తన వాయిదాను తాను కట్టుకొనలేదు. ఒక్క కుటుంబపు తోటకు అన్ని ట్రిప్పులు ఎక్కడివి?

కావున నా అభిప్రాయము దాచక చెప్పుచున్నాను. పదెకరములలోపు తోటగల రైతు ఒంటరిగా పికప్ కొనుట, ఎంత మంచి ఇంజను కానిండు, ఎంత మైలేజి కానిండు, అప్పును గుమ్మములో కట్టివేసికొనుటయే. నలుగురైదుగురు తోట రైతులు కలిసియో, రైతు ఉత్పత్తిదారుల సంఘము పేరనో కొన్నచో లెక్క మారును. బత్తాయి, నిమ్మ, పత్తి వేర్వేరు నెలలలో వచ్చును గనుక బండికి ఏడాది పొడవున పని ఉండును. తిరుగు ప్రయాణమున సిమెంటో, దాణాయో, ఖాళీ క్రేట్లో వేసికొని వచ్చినచో పై లెక్కలోని ఖాళీ దారి డీజిలు గూడ కొంత గిట్టుబాటగును. పొత్తులో తగవులు వచ్చునందురు. వచ్చును. ట్రిప్పుల పుస్తకము ఒకరి వద్ద, డబ్బు వేరొకరి వద్ద నుంచినచో చాల వరకు తగ్గును. సహకార సంఘముల కార్యదర్శులు, పంచాయతీ కార్యదర్శులు తమ గ్రామములో ఏ నెలలో ఎన్ని క్వింటాళ్ల పండ్లు బయటికి పోవుచున్నవో ఒక పట్టీ తయారు చేయించినచో, బండి అవసరమో కాదో ఊరికే తెలియును.

చట్టమును గూర్చి రెండు మాటలు. మొత్తము బరువు 3,000 కిలోలు దాటని సరుకు బండికి పర్మిట్ అక్కరలేదు. 7,500 కిలోలలోపు బండికి తేలిక వాహనపు లైసెన్సు చాలునని సుప్రీంకోర్టు 2024 నవంబరులో స్పష్టపరచినది. అధిక బరువునకు 2019 సవరణ చట్టము 20,000 రూపాయలు, పైన ప్రతి టన్నునకు 2,000 చొప్పున జరిమానా నిర్ణయించినది. జరిమానా పడకపోయినను కమాను పట్టీలు, క్లచ్చి, బ్రేకులు తమ జరిమానా తాము వసూలు చేయును.

కూలీలను సరుకు బండిలో ఎక్కించుట మాత్రము పూర్తిగా మానవలెను. 2018 ఏప్రిల్‌లో మన జిల్లా వద్దిపట్ల వద్ద ట్రాక్టరు కాలువలో పడి కూలికి పోవుచున్న తొమ్మండుగురు స్త్రీలు మరణించిరి. సరుకు బండి బీమా సరుకు యజమానికో, అతని తరఫు మనిషికో వర్తించును గాని, కూలికి ఎక్కినవారికి వర్తించదు. పత్తి తీయుటకు ఇరువదిమందిని పికప్‌లో నిలబెట్టి తెచ్చువారు ఈ మాట గుర్తుంచుకొనవలెను.

ఆ యువ రైతు కరపత్రములను మడచుకొని పోయినాడు. మొన్న మరల కలిసినాడు. చేతిలో ఒక నోటు పుస్తకము ఉన్నది. తన తోట, మేనమామ తోట, ప్రక్క ఇద్దరి తోటలు కలిపి గత కాపులో ఎన్ని ట్రిప్పులు పోయినవో, ఒక్కొక్క ట్రిప్పునకు ఎంత బాడుగ ఇచ్చినారో వ్రాసికొని వచ్చినాడు. మొత్తము 61 ట్రిప్పులు. "ఇంక నలబై కావాలె సారూ" అన్నాడు. పత్తి ఇంకను లెక్కలో చేరలేదు.