ఇంగ్లీషు నేర్పడానికి తెలుగు వచ్చినవారు కావలెను

సర్కారు బడి సార్లకు ఇంగ్లీషు మాట్లాడ రాదు, అందుకే పిల్లలకు ఇంగ్లీషు వస్తలేదు. సమీక్షా సమావేశాల నుంచి టీకొట్ల దాకా ఇప్పుడు అందరి తీర్పూ ఇదే. అందరూ రాసిచ్చే మందూ ఒక్కటే: టీచర్లకు స్పోకెన్ ఇంగ్లీషు నేర్పించాలి, తరగతి గదిలో తెలుగు వినపడకుండా చూడాలి. జనగామ జిల్లా నర్మెట్ట లాంటి మండలాల్లో ఈ మందు వాడుతూనే ఉన్నారు. గుణం కనిపించలేదు కాబట్టి మోతాదు పెంచాలంటున్నారు.

రోగాన్ని పోల్చుకోవడంలోనే పొరపాటు జరిగిందని నా వాదన. ఇంగ్లీషు గడగడా మాట్లాడటం వేరు, ఇంగ్లీషు రాని పిల్లకు దాన్ని నేర్పటం వేరు. మొదటిది ఉంటే మంచిదే, కాదనను. రెండోదానికి కావలసిన పెద్ద అర్హత మాత్రం నర్మెట్ట సారుకు పుట్టుకతోనే ఉంది. అది తెలుగు. మన శిక్షణలు ఏళ్లుగా చేస్తున్నదల్లా ఆ అర్హత ఉన్నందుకు ఆయన సిగ్గుపడేలా చేయడం.

ఈ మాట అనగానే తెలుగు మీడియం వాదుల గుంపులో నన్ను కలిపేయొద్దు. 2022–23 నుంచి ప్రభుత్వ బడుల్లో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లీషు మీడియం పెడతామన్నప్పుడు సంతోషించినవాళ్లలో నేనూ ఒకణ్ని. ఉన్నోళ్ల పిల్లలకు దక్కిన ఇంగ్లీషు కూలోళ్ల పిల్లలకు ఎందుకు దక్కకూడదని కంచ ఐలయ్య ఏళ్ల తరబడి అడుగుతున్నారు. తమ పిల్లల్ని కాన్వెంటుకు పంపి ఊరి పిల్లలకు మాతృభాష మహిమ బోధించేవాళ్ల దగ్గర ఆ ప్రశ్నకు ఇవాళ్టికీ జవాబు లేదు. నా పేచీ ఇంగ్లీషుతో కాదు, దాన్ని నేర్పమని మనం టీచరుకు చెబుతున్న తీరుతో.

ఇంగ్లీషును ఇంగ్లీషులోనే నేర్పాలన్న సూత్రం ఎక్కడ పుట్టిందో చూస్తే నవ్వొస్తుంది. 1878లో అమెరికాలోని ప్రావిడెన్స్‌లో మాక్సిమిలియన్ బెర్లిట్జ్ భాషల బడి పెట్టాడు. ఫ్రెంచి చెప్పడానికి నికొలాస్ జోలీ అనే అతన్ని రప్పించుకున్నాడు. తీరా వచ్చాక చూస్తే జోలీకి ఇంగ్లీషు ముక్క రాదు. అప్పటికి బెర్లిట్జ్ మంచాన పడి ఉన్నాడు. చేసేది లేక వస్తువులు చూపించి, సైగలు చేసి ఎట్లాగో నెట్టుకు రమ్మన్నాడు. కొన్ని వారాల తర్వాత లేచి వచ్చి చూస్తే క్లాసు బ్రహ్మాండంగా నడుస్తున్నదట. ఇది ఆ సంస్థ తన గురించి తానే చెప్పుకునే కథ. పిల్లల భాష రాని పంతులు గత్యంతరం లేక పట్టిన దారి, తర్వాత శాస్త్రమై కూర్చుంది.

రెండో అంకం లండన్‌లో. 1962లో జాన్ హేక్రాఫ్ట్ అక్కడ టీచర్లకు పొట్టి కోర్సు మొదలుపెట్టాడు. ప్రపంచమంతా పేరున్న నేటి సెల్టా సర్టిఫికెట్ ఆ వంశంలోదే. ఆ కోర్సు టీచర్లు పాఠం చెప్పే తరగతిలో ఒక బెంచీ మీద ఇటలీ మనిషి, ఇంకో బెంచీ మీద జపాన్ మనిషి, వెనక ఒక అరబ్బు. టీచరు ఎవరి భాషలో చెప్పాలి? ఇంగ్లీషులో చెప్పక తప్పదు. అక్కడ అది న్యాయమే. నర్మెట్టలో ముప్ఫై మంది పిల్లలకూ సారుకూ ఉమ్మడిగా ఒక భాష ఉండగా, అది లేనట్టు నటించమనడం ఏం న్యాయం? లండన్ కోర్సుకు ఏడాది ముందే, 1961లో ఉగాండాలోని మకెరెరెలో జరిగిన కామన్వెల్త్ సదస్సు ఇంగ్లీషులోనే నేర్పాలన్న సూత్రానికి అంతర్జాతీయ ముద్ర వేసింది. ముప్ఫై ఏళ్ల తర్వాత, 1992లో, భాషావేత్త రాబర్ట్ ఫిలిప్సన్ ఆ సదస్సు నమ్మకాలను ఏరి అయిదు భ్రమలని పేరు పెట్టాడు. ఇంగ్లీషులోనే నేర్పాలన్నది అందులో ఒకటి, పుట్టు ఇంగ్లీషువాడే ఉత్తమ గురువన్నది ఇంకొకటి. ఆ ఖండన వచ్చి ముప్ఫై ఏళ్లు దాటినా మన శిక్షణ హాళ్లలో ఇంకా మకెరెరే నడుస్తున్నది.

తెలుగు ఏ పనికొస్తుందని అడిగేవాళ్ల కోసం ఒక్క ఉదాహరణ చూపిస్తాను. అయిదో తరగతి పిల్లవాడు "ఐ డిడ్ నాట్ వెంట్" అని రాస్తాడు. ఇట్లా రాయని బడి తెలంగాణలో ఉండదు. నిన్నటి సంగతికి వెంట్ అని రాయాలని వాడికి చెప్పారు, రాశాడు. వాడి లెక్కలో తప్పు లేదు. తెలుగు రాని టీచరు దాన్ని ఎర్ర ఇంకుతో కొట్టేసి, సరైన వాక్యం పదిసార్లు రాయమంటాడు. తెలుగు వచ్చిన టీచరు ఇట్లా అడగొచ్చు:

"నిన్న జనగామ పోయినవా రా?"

"పోయిన సార్."

"వీడు?"

"వీడూ పోయిండు."

"నువ్వు పోకపోతే ఏమంటవ్?"

"పోలే అంట."

"వీడు పోకపోతే?"

"వీడూ పోలే."

అంతే. పోయిన, పోయినవ్, పోయిండు అని మనిషికో తీరుగా మారిన మాట, లేదనేసరికి అందరికీ ఒక్కటయింది. దాని మీద నిన్నటి గుర్తు కూడా నిలవలేదు, 'పో' అన్న మొదలు మిగిలింది. ఇంగ్లీషూ అదే పని చేస్తుంది. పోయినప్పుడు వెంట్, పోనప్పుడు డిడ్ నాట్ పక్కన ఉత్త గో. ఈ కిటుకు పిల్లవాడి నోట్లో ముందే ఉంది, సారు దాన్ని బయటికి తీసి చూపించాలి. పది నిమిషాల పని. లండన్ సర్టిఫికెట్ ఉన్నవాడు పదేళ్లు తలకిందులుగా తపస్సు చేసినా, తెలుగు రాకుండా ఈ పాఠం చెప్పలేడు. నర్మెట్ట సారు చెప్పగలడు, కానీ ఆయనకిట్లా చెప్పొచ్చని ఏ శిక్షణలోనూ ఎవరూ చెప్పలేదు. పైగా 2022లో వచ్చిన పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురుగా తెలుగు. సర్కారే తెలుగు అచ్చేసి ఇచ్చింది. సారు మాత్రం ఆ పేజీ తెరిస్తే ఎవరైనా చూస్తారేమోనని జంకాలి.

అవతలి పక్షం వాదనల్లో బలమైనది ఒకటుంది. నర్మెట్ట పిల్లకు ఇంగ్లీషు చెవిన పడేదే ముప్పావు గంట ఇంగ్లీషు పీరియడులో. ఇంట్లో లేదు, బజారులో లేదు. ఆ కాస్త సేపూ తెలుగే మాట్లాడితే ఇంగ్లీషు ఎప్పుడు వింటుంది? కొట్టిపారేసే ప్రశ్న కాదు. సారు ఒక వాక్యం చదివి, వెంటనే తెలుగు అర్థం చెప్పి, గైడులోని జవాబులు బోర్డు మీద రాసి ఎక్కించుకోమనే పద్ధతి మన దగ్గర పుష్కలంగా ఉంది. దాన్ని నేను వెనకేసుకు రావడం లేదు. అట్లాంటి క్లాసులో ఇంగ్లీషూ ఉండదు, ఆలోచనా ఉండదు. అయితే అర్థం కాని చప్పుడు చెవిన పడితే భాష విన్నట్టు కాదు. "మే ఐ గో టు టాయిలెట్ సార్" అని ఏ క్లాసులోనైనా పిల్లలు గుక్కతిప్పుకోకుండా ఒకే ముక్కగా అనేస్తారు. అదే పిల్లను పెన్ను పోయిందని ఇంగ్లీషులో చెప్పమనండి, నేల చూపులు చూస్తుంది. వినికిడికి తక్కువ లేదు. ముక్కను విడదీసి చూపించినవాళ్లే లేరు.

ఈ చిక్కును మన దక్షిణాదిలోనే ఒకాయన పరీక్షకు పెట్టాడు. 1979 నుంచి 1984 దాకా ఎన్.ఎస్. ప్రభు బెంగళూరు, మద్రాసు తదితర చోట్ల మామూలు బడుల్లో ప్రయోగం నడిపాడు. వ్యాకరణ సూత్రాలు పక్కనపెట్టి, పిల్లలకు రైళ్ల టైం టేబులో, ఊరి పటమో ఇచ్చి తేల్చమనేవారు. టీచరు మాట్లాడేది చాలావరకు ఇంగ్లీషే, పిల్లల స్థాయికి దింపిన ఇంగ్లీషు. అవసరమైతే ఒక మాట వాళ్ల భాషలో అందించడానికి గానీ, పిల్లలు సొంత భాష వాడటానికి గానీ నిషేధం లేదు. 1987లో ఆయన దీన్ని పుస్తకంగా రాస్తే, ప్రపంచంలో ఇంగ్లీషు బోధన గురించి చదివే ప్రతివాడికీ అది పాఠమైంది. సికింద్రాబాద్–కాజీపేట లైను మీద జనగామ స్టేషనుంది. ఆ స్టేషన్ టైం టేబులు ఒకటి జిరాక్స్ తీయించి, పొద్దున పది లోపల వరంగల్ చేరాలంటే ఏ బండి ఎక్కాలని అడిగితే సరిపోతుంది. సారుకు అమెరికా యాస అక్కర్లేదు.

తండా పిల్లల సంగతికి వస్తే ఈ చర్చంతా ఇంకో మెట్టు కిందికి దిగాలి. జనగామ, మహబూబాబాద్ జిల్లాల్లో ఎన్నో బడుల్లో పిల్లలు ఇంట్లో మాట్లాడేది లంబాడి. భూపాలపల్లి అడవి వైపు పోతే కోయ పిల్లలున్నారు. వాళ్లకు తెలుగే రెండో భాష, ఇంగ్లీషు మూడోది. నా వాదన ప్రకారమే అక్కడి టీచరుకు లంబాడి రావాలి, తెలుగు ఒక్కటే చాలదు. గొంతెమ్మ కోరికేం కాదు. గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో సవర పిల్లలకు చదువు చెప్పాలని తాను ముందు సవర నేర్చుకున్నారు, ఆ భాషలో వాచకాలు రాశారు. ఉమ్మడి రాష్ట్రంలో కొన్నేళ్లు లంబాడి, కోయతో సహా ఎనిమిది గిరిజన భాషల్లో బడి పుస్తకాలు నడిచాయి. ఇంగ్లీషు మీడియం హోరులో ఆ పని ఊసెత్తేవాళ్లు తగ్గిపోయారు. తండా బడి టీచరుకు ఇంగ్లీషు ఉచ్చారణ దిద్దే రోజుల్లో సగం లంబాడి నేర్పడానికి పెడితే ఆయన క్లాసులో ఇంగ్లీషు మెరుగవుతుంది. వితండం అనుకునేవాళ్లు ఒకసారి ఒకటో తరగతిలో కూర్చుని చూడండి.

ఇట్లా జరుగుతున్నది తెలిసినవాళ్లు లేక కాదు. ఇప్పుడు ఇఫ్లూగా పిలిచే ఇంగ్లీషు బోధన సంస్థ 1958 నుంచి హైదరాబాద్‌లోనే ఉంది. దక్షిణాది టీచర్ల కోసం బెంగళూరులో 1963 నుంచి మరొకటి ఉంది. అక్కడ తెలిసింది మండలానికి దిగొచ్చేసరికి ఇగిరిపోయి చార్టు, స్కెచ్ పెన్నులు, స్వీయ పరిచయం, చివర్లో ఫీడ్‌బ్యాక్ ఫారం మిగులుతాయి. ఇరవై ఏళ్లు పాఠాలు చెప్పిన మనిషిని లేపి "మై నేమ్ ఈజ్" అనిపిస్తారు. ఆయన తర్వాతి శిక్షణ ఎగ్గొట్టడానికి సెలవు ఎట్లా దొరుకుతుందా అని చూస్తాడు. ఆయన తప్పేముంది?

నేను ఇంతసేపు తిట్టిన సెల్టాలో ఒక్క మంచి గుణం ఉంది. నూట ఇరవై గంటల కోర్సులో అభ్యర్థి కనీసం ఆరు గంటలు నిజమైన విద్యార్థుల ముందు నిలబడి పాఠం చెప్పాలి, ఇంకొకరు వెనక కూర్చుని చూడాలి. అరువు తెచ్చుకుంటే అది తెచ్చుకోండి. మన శిక్షణ హాళ్లలో పిల్లలే ఉండరు. టీచర్లే పిల్లల్లా నటిస్తుంటారు. నర్మెట్టలో పెట్టే తర్వాతి శిక్షణ వేసవి సెలవుల్లో కాకుండా బడి నడిచే రోజుల్లో, ఒక బడిలోనే పెట్టాలి. పొద్దున ఒక సారు అయిదో తరగతికి పాఠం చెప్పాలి, మిగతావాళ్లు చూడాలి. మధ్యాహ్నం ఆ పిల్లల నోటుబుక్కులు ముందేసుకుని ఏ తప్పు ఏ మాట నుంచి వచ్చిందో తేల్చాలి. ఆ మధ్యాహ్నం చర్చ తెలుగులో జరిగితే అభ్యంతరం ఎవరికి?