పాత పొగాకు పైపు కొన్నారా? నోట పెట్టుకునే ముందు లోపల చూడండి

వాడిన వస్తువులు అమ్మే చోటికి వెళితే మనకు అవసరం లేని వస్తువు మీదే కన్ను పడుతుంది. అది హైదరాబాదులో జుమ్మేరాత్ బజారు కావచ్చు, ముంబయిలో చోర్ బజారు కావచ్చు, ఇంట్లో కూర్చుని ఇంటర్నెట్‌లో చూసే బేరం కావచ్చు. పాత గడియారాలు, ఇత్తడి దీపాలు, గ్రామఫోను రికార్డుల మధ్య ఒక పొగాకు పైపు కనిపిస్తుంది. పాత సినిమాలలో జమీందారుగారు పట్టు గౌను తొడుక్కుని నోట పెట్టుకునే పైపు లాంటిదే. షోకేసులో పెడితే అందంగా ఉంటుందని ఒకరు కొంటారు. సిగరెట్లు మాని దీనికి మారితే ఆరోగ్యానికి మేలని మరొకరు కొంటారు.

ఇంటికి తెచ్చి చూసుకున్నాక ఈ పైపులు కొన్ని ఆశ్చర్యాలు చూపిస్తాయి. వాటిలో కొన్ని సంతోషం కలిగించేవి. మరికొన్ని మీ ఆరోగ్యానికి, ముఖ్యంగా మీ పిల్లల ఆరోగ్యానికి సంబంధించినవి. రెండూ తెలుసుకోవడం మంచిది.

పైన కనిపించేవి

పైపులో గిన్నె, కాడ, నోటిలో పెట్టుకునే ముక్క అని మూడు భాగాలు ఉంటాయి. మంచి పైపుల గిన్నె చాలావరకు బ్రయర్ అనే కర్రతో చేస్తారు. ఇది మధ్యధరా తీరంలో పెరిగే ఒక పొద వేరు దగ్గర ఏర్పడే గట్టి బొడిపె. వేడికి త్వరగా కాలిపోదు. తెల్లని గిన్నె అయితే మీర్షామ్ కావచ్చు. ఇది తేలికపాటి మెత్తని ఖనిజం, టర్కీలోని ఎస్కిషెహిర్ ప్రాంతం దీనికి పేరుపొందింది. కాడకు వెండి పట్టీ ఉండి, దాని మీద నడుస్తున్న సింహం గుర్తు ఉంటే అది నూటికి 92.5 పాళ్ళు వెండి ఉన్న ఇంగ్లీషు సరుకు. పక్కన లంగరు గుర్తు ఉంటే బర్మింగ్‌హామ్‌లో ముద్ర వేయించినది. మసి పట్టిన పట్టీని తుడిస్తే ఇలాంటి గుర్తులు బయటపడి, కొన్నవారికి లాటరీ తగిలినంత సంబరం కలుగుతుంది. అయితే నోటి ముక్క ఏనుగు దంతమని అమ్మేవాడు చెబితే మాత్రం కొనవద్దు. మన దేశంలో ఏనుగు దంతపు వ్యాపారం నేరం.

మీర్షామ్ పైపు వాడేకొద్దీ తేనె రంగుకు, తరువాత గోధుమ రంగుకు తిరుగుతుంది. సేకరించేవారు ఆ రంగును చూసి ముచ్చటపడి ఎక్కువ ధర ఇస్తారు. ఆ రంగు ఎలా వచ్చింది? పైపూతగా వేసిన మైనంతో పాటు పొగలోని జిడ్డు ఆ ఖనిజపు సన్నని రంధ్రాలలోకి ఇంకడం వలన వచ్చింది. అంటే మొదటి యజమాని తాగిన పొగ అక్కడ కొంత నిలిచిపోయిందన్నమాట. మిగిలిన పొగ ఎక్కడికి పోయిందో వేరే చెప్పనవసరం లేదు.

లోపల దాగినవి

గిన్నెలోకి టార్చిలైటు వేసి చూడండి. లోపలి గోడకు నల్లని పెచ్చు కట్టి ఉంటుంది. ఇది కాలిన పొగాకు బొగ్గు. పైపు తాగేవారు దీనిని పలుచగా ఉంచుకుంటారు. మరీ మందమైతే వేడికి వ్యాకోచించి గిన్నెనే పగలగొడుతుంది. అడుగున సగం కాలిన పొగాకు ముద్ద ఉండవచ్చు. దానిలో పురుగు తిన్న పొడి, చిన్న గోధుమరంగు పురుగులు కనిపించినా ఆశ్చర్యపోకండి. ఎండు పొగాకును తినే పురుగే మీ వంటింట్లో ధనియాలను, ఎండు మిరపకాయలను కూడా పాడుచేయగలదు.

నోటి ముక్కను మెల్లగా తిప్పి ఊడదీస్తే కాడలో చిక్కని నల్లటి మడ్డి ఉంటుంది. పొగలోని తేమ, తారు, నికోటిన్ చల్లబడి అక్కడ చేరినవి ఇవి. పైపు ఎంత పాతదైనా, మడ్డి ఎండి గట్టిపడినా, అందులోని నికోటిన్ విషం పోయిందనుకోరాదు. తడి తగిలితే అది మళ్ళీ కరుగుతుంది.

కొన్ని పైపులలో లోపల పాత కాగితపు ఫిల్టరో, లోహపు గొట్టమో ఇరుక్కుని ఉంటుంది. చెమ్మలో పడి ఉన్న పైపులో బూజు కూడా పట్టి ఉంటుంది. ఉబ్బసం ఉన్నవారు ఆ బూజును దులిపితే ఆయాసం రావచ్చు. మరొక సంగతి కూడా గుర్తుంచుకోండి. ముందు యజమాని దానిలో పొగాకే తాగాడని మనకు నమ్మకమేమిటి? గంజాయి తాగి ఉండవచ్చు, ఇంకేదైనా తాగి ఉండవచ్చు. అమ్మేవాడికి తెలియదు, తెలిసినా చెప్పడు.

పిల్లలున్న ఇంట్లో జాగ్రత్త

ఈ వ్యాసంలో అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. షోకేసులోని పైపు పిల్లలకు బొమ్మలా కనిపిస్తుంది. తీసి నోట్లో పెట్టుకుంటారు, ఈలలా ఊదుతారు, సబ్బు నీళ్ళలో ముంచి బుడగలు ఊదుతారు. ఇది నేను ఊహించి చెబుతున్నది కాదు. పాత పొగాకు పైపుతో సబ్బు బుడగలు ఊదిన పిల్లలకు విషమెక్కినట్లు 19వ శతాబ్దపు ఇంగ్లీషు వైద్య గ్రంథాలలోనే రాసి ఉంది. సబ్బు నీరు కాడలోని మడ్డిని కరిగిస్తుంది. బిడ్డ ఊపిరి పీల్చినప్పుడు ఆ నీరు నోట్లోకి వస్తుంది.

నికోటిన్ ఒంట్లోకి పోతే బిడ్డకు నోట్లో నీరు ఊరుతుంది, వాంతులవుతాయి, ముఖం పాలిపోతుంది, చెమటలు పడతాయి, గుండె వేగంగా కొట్టుకుంటుంది. విషం ఎక్కువైతే మగత, ఫిట్స్ వస్తాయి, ఊపిరి మందగిస్తుంది. ఈ లక్షణాలు చాలావరకు గంటలోపే మొదలవుతాయి.

అప్పుడు ఏం చేయాలి? నోట్లో ఉన్నది తీసివేసి, తడిగుడ్డతో నోరు తుడవండి. చేతులు కడగండి. గొంతులో వేలు పెట్టి గానీ, ఉప్పు నీళ్ళు, సబ్బు నీళ్ళు, చింతపండు పులుసు తాగించి గానీ వాంతి చేయించవద్దు. బిడ్డ మగతగా ఉంటే నోటి ద్వారా ఏమీ ఇవ్వకుండా పక్కకు తిప్పి పడుకోబెట్టండి. 108కి ఫోను చేసి, దగ్గరలోని ఆస్పత్రికి తీసుకువెళ్ళండి. పైపును కూడా కాగితంలో చుట్టి వెంట తీసుకువెళితే డాక్టరుకు విషయం వెంటనే బోధపడుతుంది. 'కొంచెమే కదా, తగ్గిపోతుందిలే' అని తాత్సారం చేయరాదు.

అంటురోగాలు వస్తాయా?

చాలామందికి వచ్చే మొదటి అనుమానం ఇదే. దీనికి అనవసరంగా భయపడవలసిన పని లేదు, అలాగని అశ్రద్ధ చేయనూ కూడదు. నెలల తరబడి దుకాణంలో ఎండిన పైపు మీద మనిషి నుంచి మనిషికి సోకే వైరస్‌లు బతికి ఉండవు. హెపటైటిస్ బి వైరస్ మాత్రం మొండిది. ఎండిన రక్తపు మరకలో కనీసం 7 రోజులు బతికి ఉండగలదు. హెచ్.ఐ.వి. ఇలాంటి వస్తువుల ద్వారా రాదు. క్షయ ముఖ్యంగా గాలి ద్వారా వచ్చే జబ్బు.

అసలు ప్రమాదం నిన్నమొన్నటి దాకా మరొకరు వాడిన పైపుతో. నలుగురు స్నేహితులు కూర్చుని ఒకే పైపును, ఒకే హుక్కా గొట్టాన్ని మార్చుకుంటే పెదవి మీద వచ్చే జ్వరపు పొక్కుల వైరస్, జలుబు, ఫ్లూ సులభంగా అంటుకుంటాయి.

శుభ్రం చేసే పద్ధతి

అలంకారానికి ఉంచుకున్నా సరే, ముందు శుభ్రం చేయాలి. ఆరుబయట పాత పేపరు పరచుకుని, చేతికి రబ్బరు తొడుగులు, ముక్కుకు గుడ్డ కట్టుకుని చేయండి. పచ్చి పొగాకు కోసే కూలీలకు చర్మం ద్వారానే నికోటిన్ ఎక్కి వాంతులు, తలతిరుగుడు వస్తాయి. కనుక వట్టి చేతులతో మడ్డిని తీయవద్దు. గర్భిణులు ఈ పని పెట్టుకోకూడదు.

పెచ్చును కొద్దిగా తడిపి, మొద్దు కత్తితో మెల్లగా గీకండి. తడిపితే పొడి ఎగరదు. వంటింటి కత్తి, చెంచా వాడవద్దు. కాడలోకి దూది చుట్టిన సన్నని తీగను స్పిరిట్‌లో ముంచి దూర్చండి. దూది తెల్లగా బయటికి వచ్చేదాకా మారుస్తూ ఉండాలి. మొదటి పది పన్నెండు దూదులు తారులా నల్లగా వస్తాయి. స్పిరిట్ దగ్గర దీపం, అగరుబత్తి, సిగరెట్ ఏవీ ఉండరాదు. మీర్షామ్ గిన్నెను నీటిలో నానబెట్టవద్దు. నల్లని ఎబొనైట్ నోటి ముక్కను వేడి నీటిలో వేయవద్దు. అది గంధకం కలిపిన రబ్బరు, రంగు మారిపోతుంది. ప్లాస్టిక్ ముక్కను స్పిరిట్‌తో కాక గోరువెచ్చని సబ్బు నీటితో కడగాలి.

గీకిన చెత్తను కాగితంలో పొట్లం కట్టి చెత్తబుట్టలో వేయండి. పెరట్లో పారేస్తే కోళ్ళు, కుక్కలు తింటాయి. చివరిగా చేతులు సబ్బుతో కడుక్కోండి. పైపును పిల్లలకు అందని చోట, వీలైతే తాళం వేసిన అలమారులో పెట్టండి. ఎంత శుభ్రం చేసినా కర్ర లోపల ఇంకినది పూర్తిగా పోదు. అది చూసుకోవడానికే తప్ప నోట పెట్టుకోవడానికి కాదు.

పైపు సిగరెట్ కంటే మేలా?

'పైపు పొగ మింగనవసరం లేదు, ఊపిరితిత్తుల్లోకి పోదు, కనుక హాని లేదు' అని చాలామంది నమ్మకం. ఇది పొరపాటు. పైపు పొగకు క్షారగుణం ఎక్కువ. అందువలన అందులోని నికోటిన్ నోటి లోపలి పొర ద్వారానే రక్తంలోకి పోతుంది. పైగా సిగరెట్ నుంచి పైపుకు మారినవారు పాత అలవాటు కొద్దీ పొగను లోపలికి పీలుస్తూనే ఉంటారు. వారికి ప్రమాదం పూర్తిగా తప్పదు.

పైపుకూ పెదవి కాన్సర్‌కూ సంబంధం ఉన్నదని 1795లోనే సోమ్మెరింగ్ అనే జర్మన్ వైద్యుడు రాశాడు. 1964లో అమెరికా ప్రభుత్వ సర్జన్ జనరల్ నివేదిక ఆ సంబంధం రుజువైనట్లేనని చెప్పింది. పెదవి ఒక్కటే కాదు, నాలుక, గొంతు, అన్నవాహిక, ఊపిరితిత్తుల కాన్సర్లకు కూడా పైపు కారణమవుతుంది.

మన ప్రాంతానికి ఇది కొత్త పాఠం కాదు. శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాలలో చుట్ట నిప్పు ఉన్న కొసను నోటి లోపల పెట్టుకుని తాగే అలవాటు ఉంది. అడ్డపొగ అంటారు. ముఖ్యంగా స్త్రీలలో ఎక్కువ. ఆంధ్రప్రదేశ్‌లో 10,169 మంది గ్రామస్థుల నోళ్ళు పరీక్షించి, అడ్డపొగ వల్ల అంగిలిలో వచ్చే మార్పులను వివరించిన పరిశోధన 1971లో వెలువడింది. పైపు తాగేవారి అంగిలి కూడా వేడికి తెల్లబడి, మధ్యమధ్య ఎర్రని చుక్కలు తేలుతుంది. పైపు మానేస్తే ఈ మార్పు చాలావరకు తగ్గిపోతుంది.

అద్దం ముందు రెండు నిమిషాలు

పైపు, చుట్ట, బీడీ, సిగరెట్, గుట్కా, జర్దా, వీటిలో ఏది అలవాటున్నా నెలకొకసారి నోరు చూసుకోండి. కట్టుడు పళ్ళుంటే తీసివేయండి. మంచి వెలుతురులో పెదవుల లోపల, బుగ్గలు, చిగుళ్ళు, నాలుక పక్కలు, నాలుక కింద, అంగిలి వరుసగా చూడండి. తుడిచినా పోని తెల్లమచ్చ, ఎర్రమచ్చ, గడ్డ, రెండు వారాలు దాటినా మానని పుండు, నోరు పూర్తిగా తెరవలేకపోవడం, గొంతు బొంగురు, మింగడం కష్టం, ఇలాంటివి ఏవి ఉన్నా వెంటనే దంతవైద్యునికో, చెవి ముక్కు గొంతు డాక్టరుకో చూపించాలి. నొప్పి లేదు కదా అని ఊరుకోవద్దు. మొదటి దశలో నోటి కాన్సర్ తరచు నొప్పి పెట్టదు. ఆ దశలో పట్టుకుంటే నయమయ్యే అవకాశం బాగా ఎక్కువ.

కొన్ని సందేహాలు

ప్రశ్న: తాతగారు వాడిన పైపు ఇంట్లో ఉంది. గుర్తుగా ఉంచుకోవచ్చా?

జవాబు: నిరభ్యంతరంగా ఉంచుకోండి. పైన చెప్పినట్లు శుభ్రం చేసి, అద్దాల పెట్టెలో పెట్టి తాళం వేయండి. పిల్లలకు తాతగారి కబుర్లు చెప్పండి కానీ పైపును చేతికివ్వకండి.

ప్రశ్న: మా వారు సిగరెట్లు మానడానికని పాత పైపు కొన్నారు. సగం మానినట్లేనంటారు. నిజమేనా?

జవాబు: కాదమ్మా. అలవాటు మానలేదు, పనిముట్టు మారిందంతే. కాడలో నుంచి తీసిన నల్లని దూదిని ఒకసారి ఆయనకు చూపించండి. మానాలన్న కోరిక ఆయనకు ఉన్నట్లే ఉంది, కనుక దెప్పిపొడవకండి. డాక్టరు సలహాతో నికోటిన్ చూయింగ్ గమ్, పట్టీలు, మందులు వాడవచ్చు. 1800 11 2356 అనే నెంబరుకు ఫోను చేస్తే పొగాకు మానడానికి ఉచితంగా సలహా ఇస్తారు. పైపు కోసం పెట్టిన డబ్బు పోయిందని బాధపడవద్దు. దాని చోటు షోకేసులో ఉండనే ఉంది.